అవతలి వైపు ఎవరున్నారు?

1970 జూన్ 30న అమెరికాలోని పిట్స్‌బర్గ్ మేయర్ పీటర్ ఫ్లాహర్టీ, అల్కోవా అల్యూమినియం కంపెనీ అధిపతి జాన్ హార్పర్‌కు ఫోన్ చేశారు. అది మామూలు ఫోన్ కాదు. బల్లమీద అరచేయంత తెర, దాని పైభాగంలో చిన్న కెమెరా. మాట్లాడుతున్నంతసేపూ ఒకరి ముఖం ఒకరికి నలుపు తెలుపుల్లో కనిపించింది. పిక్చర్‌ఫోన్ అనే ఈ పరికరాన్ని తెచ్చింది అనామక సంస్థ కాదు. అమెరికా టెలిఫోను వ్యవస్థలో సింహభాగాన్ని చేతిలో పెట్టుకున్న ఏటీ అండ్ టీ. ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ ప్రయోగశాలలు దానివే. డబ్బుకు లోటు లేదు, మేధావులకు లోటు లేదు, ఊరూరా తీగలు దానివే, చందాదారులూ దానివారే. 1980 నాటికి పది లక్షల సెట్లు వాడుకలో ఉంటాయని సంస్థ పెద్దలు ధీమాగా చెప్పారు. పిట్స్‌బర్గ్‌లో సేవ మొదలైంది ఎనిమిది సంస్థల్లో అమర్చిన 38 సెట్లతో. 1973 తొలినాళ్లకు మొత్తం సెట్ల సంఖ్య 453కి చేరింది. అంతకు మించి ఎన్నడూ పెరగలేదు.

పది లక్షలకూ 453కూ మధ్య ఉన్న దూరం ఒక్క కంపెనీ చేసిన లెక్కల తప్పయితే దాన్ని వాణిజ్య చరిత్రకారులకు వదిలేయవచ్చు. కానీ అదే తప్పు ఆ తర్వాత అర్ధ శతాబ్దంలో వేర్వేరు పేర్లతో, వేర్వేరు సంస్థల్లో, చాలా తెలివైనవాళ్ల చేతులమీదుగా మళ్లీ మళ్లీ జరిగింది. ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకునే కొత్త యంత్రం బజారుకు వచ్చినప్పుడల్లా దాని భవిష్యత్తును తెర ఎంత బాగుంది, ధర ఎంత అనే రెండు కొలతలతో అంచనా వేస్తున్నారు. ఆ రెండూ ముఖ్యమే. కానీ తీర్పు చెప్పేవి అవి కావు. యంత్రం కొన్న మనిషి మొదటి రోజే దానితో ఎవరిని పలకరించగలడు, ఆ అవతలి మనిషి చేతిలో అప్పటికే ఉన్న సాధనం చేయలేని పని ఇది ఏం చేస్తుంది అన్నవే తీర్పు చెబుతాయి. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పగలిగిన యంత్రాలు బతికాయి. ఒక్కదానికే జవాబున్నవి కొన్నాళ్లు మెరిసి పోయాయి. ఇది నా అభిప్రాయంగా కాక, సాక్ష్యాలు చెప్పే మాటగా చూపించడానికి ప్రయత్నిస్తాను.

పిక్చర్‌ఫోన్ ఖరీదు ఎందుకు అంతగా ఉండేదో తెలియాలంటే తీగలోకి దిగాలి. మనిషి గొంతును టెలిఫోనులో పంపడానికి దాదాపు 4 కిలోహెర్ట్జ్ పౌనఃపున్య పరిధి చాలు. మాట అర్థమవుతుంది, మనిషిని గుర్తుపడతాం. కదిలే చిత్రం సంగతి వేరు. పిక్చర్‌ఫోన్ తెరమీద సుమారు 250 గీతలు, సెకనుకు 30 చిత్రాలు ఉండేవి. అందుకు 1 మెగాహెర్ట్జ్ పరిధి కావలసి వచ్చింది, అంటే గొంతుకు పట్టే చోటుకు 250 రెట్లు. ఒక్కో సెట్టుకు మూడు జతల రాగి తీగలు: ఒక జత మాటకు, ఒకటి వెళ్లే చిత్రానికి, ఇంకొకటి వచ్చే చిత్రానికి. రాగి తీగలో పై పౌనఃపున్యాలు తొందరగా క్షీణిస్తాయి కాబట్టి దారి పొడవునా వాటిని సరిదిద్దే పరికరాలు పెట్టాలి. ఎక్స్ఛేంజిలో మాటతోపాటు చిత్రాన్నీ కలిపే స్విచ్చులు వేరే కావాలి. ఆ ఖర్చంతా అద్దెలో కనిపించింది. పిట్స్‌బర్గ్‌లో మొదటి సెట్టుకు నెలకు 160 డాలర్లు, అందులో 30 నిమిషాల మాటలు ఉచితం, ఆపైన నిమిషానికి 25 సెంట్లు. అంతకు ముందు 1964లో న్యూయార్క్, వాషింగ్టన్, షికాగో నగరాల మధ్య ప్రజల కోసం పెట్టిన పిక్చర్‌ఫోన్ గదుల్లో మూడు నిమిషాలకు 16 నుంచి 27 డాలర్లు తీసుకునేవారు. ఇద్దరూ ముందుగా సమయం ఖాయం చేసుకుని, ఎవరి ఊళ్లో వారు ఆ గది దాకా వెళ్లి కూర్చోవాలి. ఆ గదులు 1968లో మూతపడ్డాయి.

ఇంత ఖరీదైతే ఎవరు కొంటారు అనడం సులువు. ఖరీదే కారణమైతే, అద్దె తగ్గగానే చందాదారులు పెరగాలి. తర్వాత సేవ మొదలైన షికాగోలో అద్దెను దాదాపు సగానికి తెచ్చారు. కొంత పెరుగుదల వచ్చింది, వెంటనే ఆగిపోయింది. ఆగిపోవడానికి కారణాన్ని బెల్ ప్రయోగశాలల్లోనే పనిచేసిన జెఫ్రీ రోల్ఫ్స్ అనే ఆర్థికవేత్త 1974లో ఒక వ్యాసంలో గణితంగా చూపించారు. తన కళ్లముందే కుంగిపోతున్న పిక్చర్‌ఫోన్‌ను అర్థం చేసుకునే ప్రయత్నంలోంచి వచ్చిన వ్యాసం అది. బియ్యమో బట్టలో కొంటే వాటి ఉపయోగం ఇంకెవరు కొన్నారన్నదానిమీద ఆధారపడదు. సంభాషణ సాధనం అలా కాదు. దాని విలువ దాన్ని కొన్న ఇతరుల చేతిలో ఉంటుంది. 38 సెట్లున్న ఊళ్లో కుదిరే జతలు 703 మాత్రమే. పైగా చాలా సెట్లు ఒకే సంస్థ గోడల లోపల ఉన్నాయి. పక్క గదిలో ఉన్నవాడి ముఖం చూడాలంటే లేచి నాలుగడుగులు వేస్తే సరిపోతుంది. రోల్ఫ్స్ లెక్క ప్రకారం ఇలాంటి సేవకు ఒక కనీస సంఖ్య ఉంటుంది. అది దాటితే తనంతట తానే పెరుగుతుంది, దాటకపోతే తనంతట తానే కుదించుకుపోతుంది. ఒంటిపుల్లతో పొయ్యి నిలవదు. కొన్ని పుల్లలు దగ్గరగా చేరి ఒకదాని వేడి ఒకటి అందుకున్నప్పుడే మంట నిలుస్తుంది.

ఆ వ్యాసంలో అంతకన్నా లోతైన మాట ఇంకొకటి ఉంది. దాన్ని తర్వాతివాళ్లు తరచుగా మరిచిపోయారు. మనలో ఎవరూ ఊరందరితోనూ మాట్లాడం. ప్రతి మనిషికీ తరచుగా మాట్లాడే వాళ్లు కొద్దిమందే: ఇంటివాళ్లు, దగ్గరి స్నేహితులు, పనిలో రోజూ తగిలే నలుగురు. కాబట్టి దేశంలో మొత్తం ఎన్ని యంత్రాలు అమ్ముడయ్యాయన్నది కొనేవాడికి పట్టదు. ఆ కొద్దిమంది దగ్గర ఉందా లేదా అన్నదే పట్టింపు. దేశం నలుమూలలా చెదిరిపోయిన లక్ష యంత్రాలు ఎవరికీ ఉపయోగపడకపోవచ్చు. ఒకరితో ఒకరికి నిత్యం పనిపడే ఇరవైమంది దగ్గర ఉన్న ఇరవై యంత్రాలు ఎంతో విలువైనవి కావచ్చు. అమ్మకాల అంచనాలు వేసేవాళ్లు జనాభా లెక్క తీస్తారు. తీయవలసినది చుట్టరికాల లెక్క, కొలువుల లెక్క.

దీనికి బలమైన ఎదురువాదం ఒకటుంది. దాన్ని లేవనెత్తినవారు సామాన్యులు కాదు. బెల్ ప్రయోగశాలల్లో పనిచేసి తర్వాత ఆచార్యుడైన ఎ. మైకేల్ నోల్, 1992లో పిక్చర్‌ఫోన్ వైఫల్యాన్ని తిరగదోడుతూ, అసలు కారణం జనానికి అది అక్కర్లేకపోవడమేనని వాదించారు. మాట వినిపిస్తే సరిపోతుంది, ముఖం అదనంగా ఇచ్చేది చాలా తక్కువ, పైగా ఇంట్లో ఎలా ఉన్నామో అలా ఇతరులకు కనిపించడం ఎవరికీ ఇష్టం ఉండదు అన్నది దాని సారాంశం. ఆ రోజున్న సాక్ష్యాలతో అది న్యాయమైన వాదనే. అందులో కొంత నిజం ఇప్పటికీ ఉంది. చిన్న కబురు చెప్పడానికి ఈనాటికీ వీడియో తెరిచేవాళ్లు అరుదు, ఆఫీసు సమావేశాల్లో కెమెరా ఆపేసి కూర్చునేవాళ్లు ఎందరో. కానీ ఆ కోరిక మనిషిలో లేదనడం మాత్రం తర్వాతి చరిత్ర ముందు నిలవలేదు. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మమ్మ డల్లాస్‌లో పుట్టిన మనవరాలు బోర్లాపడటం చూడాలని కోరుకోవడానికి ఏ ప్రకటనా అవసరం లేదు. ఐఎస్‌డీ బూత్‌లో మీటరు తిరుగుతుంటే గబగబా మాట్లాడిన రోజుల్లోనూ ఆ కోరిక ఉంది. నోల్ కొలిచింది కోరికను కాదు, ఒక ప్రత్యేకమైన ఏర్పాటులో బయటపడిన గిరాకీని. పిట్స్‌బర్గ్ సంస్థల అధికారులకు ఒకరి ముఖం ఒకరు చూసుకోవలసిన అవసరం అంతగా లేదు. ఆ అవసరం ఉన్నవాళ్ల ఇళ్లకు పిక్చర్‌ఫోన్ చేరనే లేదు.

1992లోనే ఏటీ అండ్ టీ రెండోసారి ప్రయత్నించింది. వీడియోఫోన్ 2500 అనే రంగుల తెర యంత్రాన్ని 1,499 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఈసారి మూడు జతల తీగలు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న మామూలు ఫోన్ లైనే చాలు. ఇంజినీరింగ్ పరంగా అది పెద్ద విజయం. కానీ ఆ సన్నని లైనులో పట్టే చిత్రం సెకనుకు పదికి మించదు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. నవ్వు నవ్వుగా కాక విడివిడి ముక్కలుగా కనిపించేది. ముఖ్యమైన చిక్కు మాత్రం పాతదే: ఒకటి కొంటే లాభం లేదు, రెండు కొనాలి, రెండోది ఎవరికి ఇవ్వాలో తెలిసి కొనాలి. ధరను 999 డాలర్లకు దించినా కదలిక రాలేదు. 1995లో దాన్ని ఆపేశారు.

ఈ రెండు ప్రయత్నాల మధ్యకాలంలో బజారు కంటపడని చోట ఒక పని జరిగింది. 1970ల మొదట్లో కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉన్న నాసిర్ అహ్మద్ అనే బెంగళూరు సంతతి ఇంజినీరు చిత్రాన్ని క్లుప్తంగా రాసే ఒక గణిత పద్ధతిని ప్రతిపాదించారు. దానికి డబ్బు సాయం కోరితే అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించింది. అయినా ఆయన టి. నటరాజన్, కమిశెట్టి రామమోహన రావులతో కలిసి దాన్ని పూర్తిచేసి 1974లో ప్రచురించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. చిత్రాన్ని చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడిలోని వెలుగునీడల్ని నెమ్మదిగా మారే అంశాలుగా, వేగంగా మారే అంశాలుగా వేరుచేస్తుందది. మన కన్ను వేగంగా మారే సన్నని వివరాలను అంతగా పట్టించుకోదు. కాబట్టి వాటిని మోటుగా రాసినా, కొన్నిటిని వదిలేసినా చూసేవారికి తేడా తెలియదు. దీనికి మరో ఉపాయం తోడైంది. మాట్లాడుతున్న మనిషి వెనక గోడ కదలదు, పెదవులు కనుబొమ్మలు కదులుతాయి. అందుకని ప్రతి చిత్రాన్నీ మొత్తంగా పంపక, ముందు చిత్రానికీ దీనికీ ఉన్న తేడాను మాత్రమే పంపితే చాలు. 1988లో వచ్చిన హెచ్.261 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ రెండిటినీ కలిపింది.

ఈ ఉపాయాలు ఎంత పొదుపు చేస్తాయో చిన్న లెక్కతో తెలుస్తుంది. అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలున్న చిత్రంలో ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు చొప్పున, సెకనుకు 30 చిత్రాలు పంపాలంటే సెకనుకు 22 కోట్ల బిట్లు కావాలి. అదే దృశ్యాన్ని ఇప్పుడు సుమారు 5 లక్షల బిట్లలో చూడదగ్గట్టుగా పంపుతున్నారు. నాలుగు వందల రెట్ల పొదుపు. తీగలు పెంచి పరిష్కరించాలని ఏటీ అండ్ టీ చూసిన సమస్యను గణితం ఇలా లోపలినుంచి కరిగించింది. ఈ లెక్క చేసే చిప్పు చౌకైనకొద్దీ వీడియో సంభాషణకు ప్రత్యేక యంత్రమే అక్కర్లేకుండా పోయింది. ప్రత్యేక యంత్రం అమ్మదలచినవాళ్లు ఈ సంగతిని అందరికన్నా ఆలస్యంగా గుర్తించారు.

అలాగని ప్రత్యేక యంత్రాలన్నీ ఓడిపోలేదు. గెలిచినచోట్లే నా వాదనకు గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 1990ల చివర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాదు సచివాలయాన్ని జిల్లా కేంద్రాలతో కలుపుతూ ఆప్‌స్వాన్ అనే వలయాన్ని వేసింది. దానిమీద ముఖ్యమంత్రి జిల్లా కలెక్టర్లతో జరిపిన వీడియో కాన్ఫరెన్సులు ఆ కాలపు పాలనకు గుర్తుగా నిలిచిపోయాయి. ఆ పరికరాలు చౌకైనవి కావు, చిత్రం ఈనాటి చవక ఫోన్లకు సాటిరాదు. అయినా రోల్ఫ్స్ చెప్పిన కనీస సంఖ్య చిక్కు అక్కడ తలెత్తనే లేదు. ఎవరితో మాట్లాడాలో ముందే తెలుసు, ఉత్తర్వు ఒక్కటే, యంత్రాలు అందరికీ ఒక్కసారే వచ్చాయి, పిలుపు వస్తే కూర్చోకుండా ఉండే వీలు లేదు. 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించిన చిత్తూరు జిల్లా అరగొండ టెలిమెడిసిన్ కేంద్రం మరో మెట్టు. అపోలో సంస్థ ఆ పల్లె ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరంలోని నిపుణులతో కలిపింది. అక్కడ రెండు కొసలుంటే చాలు, ఆ రెండూ ఉన్నాయి. ఊళ్లో లేని నిపుణుడిని ఎదుట నిలబెట్టడం మామూలు ఫోను చేయలేని పని.

అన్నిటికన్నా నేర్చుకోదగ్గది అమెరికాలోని బధిరుల అనుభవం. వినలేనివారికి గొంతు మోసే టెలిఫోను గోడతో సమానం. వారి భాష చేతుల్లో, ముఖంలో ఉంటుంది, కాబట్టి చిత్రం వారికి అదనపు సొగసు కాదు, అదే సంభాషణ. 1990 నాటి వికలాంగుల హక్కుల చట్టం వారికి అనుసంధాన సేవ అందాలని నిర్దేశించింది. 2003లో సోరెన్సన్ అనే సంస్థ టీవీకి తగిలించుకునే వీడియోఫోన్‌ను బధిరుల ఇళ్లకు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఖర్చును ప్రభుత్వ నియంత్రణలోని నిధి నిమిషాల లెక్కన భరించింది. ఇందులోని అసలు తెలివి వేరే ఉంది. బధిరుడు తెరమీద సంజ్ఞలు చేస్తే మధ్యలో ఉన్న దుబాసీ వాటిని మాటల్లోకి మార్చి ఎవరి మామూలు ఫోనుకైనా వినిపిస్తారు. అవతలి మనిషికి ఏ కొత్త యంత్రమూ అక్కర్లేదు. మొదటి సెట్టు అమర్చిన రోజే దేశంలోని ప్రతి టెలిఫోనూ దాని వలయంలో ఉంది. పిక్చర్‌ఫోన్ పెద్దలు కోట్లు గుమ్మరించి సాధించలేని దాన్ని ఒక దుబాసీ కుర్చీ సాధించింది.

ఇక ఇళ్లలోకి వీడియో ఎలా వచ్చిందో మనకు తెలిసినదే. ప్రత్యేక యంత్రంగా కాదు, మరో పని కోసం కొన్న వస్తువులో ఒక మూల కూర్చుని వచ్చింది. 1994లో కనెక్టిక్స్ కంపెనీ మెకింటాష్ కంప్యూటర్లకు తగిలించే క్విక్‌క్యామ్ అనే చిన్న నలుపు తెలుపు కెమెరాను సుమారు వంద డాలర్లకు అమ్మింది. కంప్యూటరు అప్పటికే బల్లమీద ఉంది. 2003లో మాటలతో మొదలైన స్కైప్ 2006లో వీడియోను కలుపుకుంది. 2010లో ఐఫోన్ 4 ముందువైపు కెమెరాతో, ఫేస్‌టైమ్‌తో వచ్చింది. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో రావడం, ఆ నవంబరులోనే వాట్సాప్‌లో వీడియో కాల్ మొదలవడం ఒకదానికొకటి కలిసొచ్చాయి. 2014లో గిగాబైటుకు సగటున 260 రూపాయల పైచిలుకు ఉన్న డేటా ధర 2018 నాటికి 12 రూపాయల దరిదాపుల్లోకి దిగింది. గంటసేపు వీడియోలో మాట్లాడితే రానూపోనూ దాదాపు అర గిగాబైటు ఖర్చవుతుంది. అంటే 130 రూపాయల పని ఆరు రూపాయలకు వచ్చింది. అమలాపురంలో ఉన్న తల్లి అందుకోసం ఏమీ కొనలేదు. ఫోటోలు, సందేశాల కోసం ఉన్న ఫోనులోనే కొత్త బొత్తం కనిపించింది, నొక్కింది. కొడుకు దగ్గర కూడా అదే ఉంది.

ఇక్కడ నా వాదనకు ఇబ్బంది కలిగించే సాక్ష్యాన్ని దాటిపోకూడదు. 2018లో ఫేస్‌బుక్ పోర్టల్ అనే వీడియో కాల్ యంత్రాన్ని 199 డాలర్లకు తెచ్చింది. గదిలో మనిషి కదిలితే కెమెరా చూపు తానే అనుసరించేది. దానితో మెసెంజర్ వాడే ఎవరితోనైనా మాట్లాడవచ్చు. అవతలివాళ్ల దగ్గర పోర్టల్ ఉండనక్కర్లేదు. తర్వాతి ఏడాది వాట్సాప్ కూడా కలిసింది. వలయం సిద్ధంగా ఉంది, ధర అందుబాటులో ఉంది, చిత్రం చక్కగా ఉంది. మధ్యలో కోవిడ్ వచ్చి ప్రపంచాన్ని ఇళ్లలో కూర్చోబెట్టింది. అయినా 2022లో సంస్థ దాన్ని మానుకుంది. అవతలి మనిషి ఉంటే చాలునన్న సిద్ధాంతం దీన్ని వివరించలేదు. అందుకే మొదటినుంచీ రెండు ప్రశ్నలు అంటున్నాను. పోర్టల్ మొదటిదానికి నిండుగా జవాబు చెప్పింది, రెండోదానికి చెప్పలేకపోయింది. జేబులో ఉన్న ఫోను అదే మనిషిని చూపిస్తుంది, పైగా వంటింట్లోకీ వరండాలోకీ వెంట వస్తుంది. ఫేస్‌బుక్ వాడుకరుల సమాచారం దుర్వినియోగమైన కేంబ్రిడ్జ్ అనలిటికా వ్యవహారం బయటపడిన ఏడాదే, కళ్లూ చెవులూ ఉన్న యంత్రాన్ని నట్టింట్లో పెట్టుకోమని అదే కంపెనీ అడగడం కూడా తప్పకుండా చేటు చేసింది. కానీ అపనమ్మకం ఒక్కటే కారణం అనలేం. ఏ అపవాదూ లేని సిస్కో 2010లో టీవీకి తగిలించే యూమీని 599 డాలర్లకు, నెలకు 24.99 డాలర్ల చందాతో తెచ్చి 2012లో వెనక్కి తీసుకుంది. ఫేస్‌టైమ్ ఉచితంగా ఉన్న ఏడాదే అది జనాన్ని డబ్బు అడిగింది.

ఈ కొలతలతో ఇప్పుడు బజారు గుమ్మంలో నిలబడి ఉన్న యంత్రాన్ని చూద్దాం. గూగుల్ 2021లో ప్రాజెక్ట్ స్టార్‌లైన్‌గా పరిచయం చేసి, 2025 మేలో గూగుల్ బీమ్ అని పేరు మార్చిన ఏర్పాటు అది. దాని తొలి వాణిజ్య రూపం హెచ్‌పీ తయారుచేసిన డైమెన్షన్. 65 అంగుళాల తెర చుట్టూ ఆరు కెమెరాలు మనిషిని వేర్వేరు కోణాలనుంచి పట్టుకుంటాయి. కృత్రిమ మేధ వాటినుంచి మూడు కొలతల రూపాన్ని అల్లుతుంది. తెర మన రెండు కళ్లకూ కొద్దిగా వేర్వేరు చిత్రాలు అందేలా వెలుగును పంపుతుంది. కళ్లజోడు అక్కర్లేదు. ఎదురుగా అద్దం అవతల మనిషి నిజంగా కూర్చున్నట్టుంటుంది. పిక్చర్‌ఫోన్ నాటినుంచీ తీరని ఒక లోటును కూడా ఇది తీరుస్తుంది. కెమెరా తెరకు పైన ఉన్నంతకాలం, అవతలి మనిషి కళ్లలోకి చూస్తే మనం కిందికి చూస్తున్నట్టు వారికి కనిపిస్తుంది. బీమ్‌లో చూపులు కలుస్తాయి. ధర 24,999 డాలర్లు, బీమ్ సేవకు చందా అదనం. రెండు కొసలకు కలిపి 50 వేల డాలర్లు.

మొదటి ప్రశ్న వేస్తే జవాబు కఠినంగా వస్తుంది. మూడు కొలతల అనుభవం కావాలంటే అవతల కూడా అదే యంత్రం ఉండాలి. మామూలు సమావేశాలకు కూడా దీన్ని వాడవచ్చు, కానీ అప్పుడది పెద్ద టీవీతో సమానం. కాబట్టి ఇది దేశాలమీద పరుచుకునే వస్తువు కాదు, లోపలే మాట్లాడుకునే పెద్ద సంస్థల వస్తువు. ఆ దారిలో ముందు నడిచినవాళ్లున్నారు, అందులో హెచ్‌పీ కూడా ఒకటి. 2005లో అది హాలో అనే సమావేశ గదిని 5.5 లక్షల డాలర్లకు అమ్మింది, 2006లో సిస్కో టెలిప్రెజెన్స్ దాదాపు 3 లక్షల డాలర్లకు వచ్చింది. దూరదూరాల కార్యాలయాలున్న సంస్థలు వాటిని కొన్నాయి, వాడాయి కూడా. తర్వాత లాప్‌టాప్ చాలినంత బాగా ఆ పని చేయడం మొదలుపెట్టగానే ఆ గదుల వెలుగు తగ్గింది. హెచ్‌పీ 2011లో హాలో వ్యాపారాన్ని పాలీకామ్‌కు 8.9 కోట్ల డాలర్లకు అమ్మేసింది.

బీమ్ సమర్థకులు రెండు మాటలు అంటారు. ఒకటి, ధర పాత గదులతో పోలిస్తే ఇప్పటికే ఎన్నో రెట్లు తక్కువ, ఇంకా తగ్గుతుంది. తగ్గుతుంది, అందులో సందేహం లేదు. కానీ అదే కాలంలో జేబులో ఫోను, బల్లమీద లాప్‌టాప్ కూడా ఊరుకోవు. హాలో లాంటి గదుల వెలుగు తగ్గడానికి కారణం అదే. రెండో మాట ఇంకా బలమైనది: ఎదురెదురుగా కూర్చున్న భావన లాప్‌టాప్ ఇవ్వలేనిది, కాబట్టి రెండో ప్రశ్నకు బీమ్ దగ్గర నిజమైన జవాబుంది. ఒప్పుకుంటాను. పోర్టల్‌కు లేని బలం ఇది. 2019 డిసెంబరులో రోజుకు కోటిగా ఉన్న జూమ్ సమావేశాల హాజరు 2020 ఏప్రిల్‌కు 30 కోట్లకు చేరినప్పుడు, గంటల తరబడి చదునైన ముఖాల గడులను చూసి మనసు ఎంత అలసిపోతుందో ప్రపంచమంతా తెలుసుకుంది. ఆ అలసటకు మందు ఉంటే దానికి విలువ ఉంటుంది.

అయితే ఆ మందు చేరలేని చోటు ఒకటుంది, అది మనకు బాగా దగ్గరిది. బీమ్‌ను తొలుత తీసుకుంటాయని గూగుల్ చెప్పిన సంస్థల్లో డెలాయిట్, సేల్స్‌ఫోర్స్ ఉన్నాయి. రెండిటికీ హైదరాబాదులో పెద్ద కార్యాలయాలున్నాయి. కాలిఫోర్నియాతో నిత్యం మాట్లాడే మాదాపూర్, గచ్చిబౌలి ఇలాంటి యంత్రానికి సహజమైన బజారులా కనిపిస్తాయి. కానీ హైదరాబాదుకూ కాలిఫోర్నియాకూ ఋతువును బట్టి పన్నెండున్నర గంటల నుంచి పదమూడున్నర గంటల తేడా. అక్కడివాళ్లు ఉదయం ఆఫీసుకొచ్చేసరికి ఇక్కడ రాత్రి తొమ్మిదో పదో అవుతుంది. ఇక్కడి ఉద్యోగి ఆ కాల్‌ను ఇంట్లో, పిల్లలు పడుకున్నాక, లాప్‌టాప్ ముందు కూర్చుని మాట్లాడతాడు. ఆఫీసు గదిలో ఉన్న పాతిక వేల డాలర్ల తెర ఆ వేళకు చీకట్లో ఉంటుంది. మరొకటి, ఏ కెమెరా మార్చలేని భౌతిక హద్దు. ఈ రెండు చోట్ల మధ్య దూరం సుమారు 14 వేల కిలోమీటర్లు, గాజు తంతువులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లే పోతుంది. తిన్నగా తీగ వేసినా మాట చేరడానికి 70 మిల్లీసెకన్లు పడుతుంది, నిజమైన దారి అంతకన్నా పొడవు, దానిమీద కెమెరా లెక్కల జాప్యం. 150 మిల్లీసెకన్లు దాటకుండా ఉంటేనే సంభాషణ సాఫీగా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంఘం సిఫారసు. ముఖం ఎంత సజీవంగా కనిపిస్తే జవాబులో ఆలస్యం అంతగా ఎబ్బెట్టుగా తోస్తుంది.

అందుకే బీమ్ బజారును నేను వేరేచోట వెతుకుతాను. రెండు కొసలూ ఒకే కాలమండలంలో ఉన్నచోట, అవతలి మనిషి ఎవరో ముందే ఖాయమైనచోట, ముఖంలోని సన్నని మార్పు కనిపించడమే పని అయినచోట వెతుకుతాను. జిల్లా ఆసుపత్రిలో పక్షవాతం నుంచి కోలుకుంటున్న రోగి నోటి కదలికను గమనించే నగరపు నిపుణుడు, సంజ్ఞాభాష నేర్పే ఉపాధ్యాయుడు, మానసిక చికిత్సకుడు: లోతు తెలిసే చిత్రం వీరికి సొగసు కాదు. గూగుల్ తొలి జాబితాలో హాకెన్‌సాక్ మెరిడియన్ అనే ఆసుపత్రుల సంస్థ ఉండటం నాకు ఆ సాఫ్ట్‌వేర్, సలహా సంస్థల పేర్లకన్నా ఎక్కువ ఆశ కలిగించింది. అరగొండకు ఉపగ్రహపు గిన్నె బిగించినప్పుడు ఎవరూ లక్షల సంఖ్యలో అమ్మకాలను ఊహించలేదు. రెండు చోట్ల ఎవరుండాలో నిర్ణయించుకుని బిగించారు. బీమ్ అమ్మేవాళ్లు కూడా జంటలుగా, జిల్లాకూ నగరానికీ ఒక ముడిగా అమ్మగలిగితే కొన్ని వేల యంత్రాలు నిలకడగా పనిచేస్తాయి. ఇంటింటికీ ఒకటి అన్న అంచనాలు మాత్రం 1970లో పిట్స్‌బర్గ్‌లో చెప్పిన పది లక్షల పక్కన చేరతాయి.